పాలు పోసేసిన కాలు

జెల్లు ముడుచుకుంది.

హేమ ముందు నమ్మలేదు. ప్లేటును కిటికీ వెలుతురు కేసి ఎత్తి, కాస్త వంచి, మళ్ళీ నిటారుగా పట్టి చూసింది. నిన్న సూదిమొనతో ప్లేటులోని గుంట అంచుల నుంచి విడదీసి వదిలినప్పుడు ఆ జెల్లు రూపాయి బిళ్ళంత ఉంది. ఇప్పుడు చొక్కా గుండీ అంత అయింది. గులాబీ రంగు నీళ్ళలో మీగడ తునకలా తేలుతోంది. పక్క గుంటలోనూ అంతే. ఆ పక్కదీ అంతే.

"ఓరి మీ దుంపతెగ!" అంది పైకే. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆ బిళ్ళల్ని అలా లాగి ముడిచినవి లోపలున్న కణాలు. చర్మం అడుగున ఉండే కణాలకు చుట్టూ పీచు అల్లిక ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ పీచును పట్టుకుని లాగకుండా ఊరుకోదు, అది దాని పుట్టుబుద్ధి. దెబ్బ తగిలిన చోట చర్మం దగ్గరపడి గాయం మూసుకునేది ఆ లాగుడు వల్లనే. అయితే హేమ ప్లేటులో ఉన్నవి అలాంటి బుద్ధిమంతులు కావు. చక్కెర జబ్బుతో మానని పుండు అంచు నుంచి వచ్చినవి. చక్కెరలో ఊరబెట్టి గట్టిపరిచిన జెల్లులో వాటిని ఎన్నిసార్లు పెట్టినా చిన్నచిన్న ఉండల్లా ముడుచుకుని పడి ఉండేవి తప్ప చెయ్యి చాచింది లేదు. కణాలే చెడిపోయాయి, వాటితో ఇక లాభం లేదని అందరూ అన్నారు. హేమకు మాత్రం ఎక్కడో పీకుతూనే ఉంది. చెడింది కణమా, దాని చుట్టూ ఉన్న పీచా? అది తేల్చుకుందామనే అవే కణాల్ని తీసి, చక్కెర తగలని మెత్తని కొత్త జెల్లులో పెట్టింది. మంచుగడ్డల గిన్నెలో ఉంచిన కొలాజెన్, ఆ పీచు ద్రావణం, పొయ్యకముందే వెచ్చబడి ఎక్కడ గడ్డకడుతుందోనని, కలిపేటప్పుడు ఎక్కడ బుడగ వస్తుందోనని ఊపిరి బిగబట్టి పోసింది. ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి.

అమలాపురం ఊరిచివర ఒక కాలేజీలో రెండో అంతస్తులో ఉంటుంది ల్యాబు. మెట్లమీద సూర్యప్రకాష్ గారి బూట్ల చప్పుడు వినబడగానే హేమ ఎదురెళ్ళింది. ఆయన ఆమె గైడు. ప్లేటు చూసి ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"అవేనా? ఆ కాలు కేసువేనా?"

"ఆయ్, అవే సార్."

"నీ పీహెచ్‌డీ గట్టెక్కినట్టేనమ్మా," అని భుజం తట్టబోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఒక చిన్న పని మిగిలింది. మన పేపరు వేసే సైన్సు పత్రికవాళ్ళు రాసేరు. ఆ చర్మం ఇచ్చినావిడ అనుమతి కావాలిట."

"ముక్క తెచ్చుకున్నప్పుడే మనం అనుమతి తీసుకోలేదా సార్?"

"హాస్పిటలువాళ్ళు తీసుకుని ఉంటారనుకున్నాను. వాళ్ళేమో మనం తీసుకుంటామనుకున్నారు." ఆయన ముఖం చూస్తే నిజంగానే అలా అనుకున్నట్టు ఉంది. చెడ్డవాడు కాదు సూర్యప్రకాష్ గారు, తనకు అడ్డొచ్చిన చోట మాత్రం చూపు పక్కకి తిప్పుకునే మనిషి. "రాజోలు అవతల ఎక్కడో ఉంటుంది, చిట్టెమ్మని. నువ్వెళ్ళి సంతకం పెట్టించుకొచ్చెయ్. ఆపరేషను కాగితాల్లో ఒకటి మిగిలిపోయిందని చెప్పు, చాలు. పాత తేదీ వేసే సంగతి నేను చూసుకుంటాను."

"అది అబద్ధం కదా సార్?"

"పూర్తిగా అబద్ధమా? కాగితం మిగిలిపోయింది నిజమేగా?"

"ఒకవేళ పెట్టనంటే?"

"పెట్టనంటే ఆ కణాలు పారబొయ్యాలి. మూడేళ్ళ పని నువ్వు మొదట్నించీ మొదలెట్టుకోవాలి. ఫెలోషిప్పేమో వచ్చే ఏడాది ఉండదు." ఆయన కళ్ళజోడు దించుకున్నాడు. "ఎందుకొచ్చిన గొడవమ్మా. చిన్న సంతకం."

మర్నాడు హేమ రాజోలులో బస్సు దిగి, సఖినేటిపల్లి వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. దారి పొడవునా అదే మాట గొణుక్కుంది: ఒక కాగితం మిగిలిపోయిందండీ, ఒక కాగితం మిగిలిపోయిందండీ. పరీక్షకి బట్టీ పట్టినట్టు పట్టింది.

కాలవగట్టు మీద తాటాకు పాక, దాని ముందు పొడుగ్గా నీడ పట్టిన పందిరి. అందులో కొబ్బరిపీచు తాళ్ళు పేనుతున్నారు. ఒక చివర ఒకామె రాట్నం తిప్పుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు నడుముకు పీచు మూట కట్టుకుని, వేళ్ళతో పీచు అందిస్తూ, రాట్నం నుంచి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. నడిచిన కొద్దీ వాళ్ళ చేతుల్లోంచి తాడు పొడుగవుతోంది. చివరికంటా వెళ్ళి, తాడు తప్పించి, మళ్ళీ ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి. పొద్దున్నించి సాయంత్రం దాకా నడకే ఆ పని.

రాట్నం తిప్పే ఆమె పీట మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళ కింద ఒకటే పాదం.

"చిట్టెమ్మ గారంటే..."

"నేనేనండి. ఎవరండీ అమ్మాయిగారూ? రండి, నీడలోకి రండి. ఎండదెబ్బ కొడతాది." చిట్టెమ్మ చక్రం ఆపి, పాక వైపు చూసి కేకేసింది. "ఏవండోయ్! ఓ బొండం కొట్టుకురండి!"

పాక పక్కన నేలలో పాతిన ఇనప మొన మీద కొబ్బరికాయ గుచ్చి డొక్క ఒలుస్తున్నాడు ఆమె భర్త బుల్లబ్బాయి. ఒక మెలి, రెండో మెలి, మూడోదానికి కాయ బయటికొచ్చేసింది. ఆ చేతుల్తోనే బొండం చెక్కి తెచ్చాడు. హేమ నీళ్ళు తాగింది.

"మీరు అమలాపురం హాస్పిటలు నుంచాండీ? డాక్టరుగారు బావున్నారా? మహానుభావుడండి, ప్రాణం నిలబెట్టేరు," అంది చిట్టెమ్మ. "ఇదివరకు నేనూ వాళ్ళలాగే వెనక్కి నడిచేదాన్నండి. ఇప్పుడు కూర్చుని తిప్పడమే. కూలి సగమే అనుకోండి, అయితేనేం, కూర్చోబెట్టి ఇస్తున్నారుగా!"

"ఒక కాగితం మిగిలిపోయిందండీ," అంది హేమ. బట్టీ పట్టిన మాట, తడుముకోకుండా వచ్చేసింది.

"దానికేం, ఇవ్వండి." చిట్టెమ్మ అరచేతులు చీరకొంగుకు తుడుచుకుంది. ఎందుకు అని అడగలేదు. ఏముందని అడగలేదు. కాగితం రాట్నం బల్ల మీద పరిచి, పెన్ను మూడు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. "నేను వేలిముద్ర వెయ్యనండోయ్. పేరు రాస్తాను. రాత్రిబడికెళ్ళి నేర్చుకున్నాను." నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ముందు 'చి' రాసింది. బాగుందో లేదో చూసుకుంది. రెండో అక్షరానికి పెన్ను ఆనించింది.

హేమ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఆగండి. ఆగండి పిన్నిగారూ. నేను చెప్పింది అబద్ధం."

పెన్ను ఆగింది. రాట్నం ముందే ఆగి ఉంది. పేనేవాళ్ళిద్దరూ ఉన్నచోటే నిలబడిపోయారు. హేమ చెప్పింది. ఆపరేషనులో తీసేసిన కాలి మీంచి పుండు అంచున చర్మం ముక్క ఒకటి వాళ్ళ ల్యాబుకొచ్చిందనీ, అందులోని కణాల్ని పెంచుతున్నారనీ, అప్పుడు ఎవరూ ఈవిడని అడగలేదనీ, ఇప్పుడు అడిగినట్టు కాగితం పుట్టించడానికి తనని పంపించారనీ చెప్పింది. తలెత్తి చెప్పడం చేతకాలేదు. బొండం కేసి చూస్తూ చెప్పింది.

చిట్టెమ్మ పెన్ను బల్లమీద పెట్టేసింది.

"పెంచుతున్నారంటే?" అంది చిట్టెమ్మ. "బతికుందా?"

"ఆయ్. బతికే ఉన్నాయండీ."

"దానికి పాలు పోసేసేమండీ!" అన్నాడు బుల్లబ్బాయి. గొంతు ఒక్కసారిగా లేచింది. "హాస్పిటల్లో నా చేతికిచ్చేరు. కొత్త తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఆటోలో తెచ్చేనండి ఆ కాలిని. ఇదిగో, ఈ గట్టు దిగువన గొయ్యి తీసి, ఉప్పేసి పూడ్చేను. మూడోనాడు పాలు పోసేను. నలుగురికి అన్నం పెట్టేను. మనిషికన్నా ముందెళ్ళిపోయిన కాలు, దిక్కులేకుండా తిరగకూడదని మా పెద్దాళ్ళు చెప్పేరండి. అంతా చేసేసేం. ఇప్పుడొచ్చి అది బతికుందంటారేంటండీ?"

"తప్పేనండీ," అంది హేమ.

"తప్పని మీరంటే సరిపోద్దా? అడక్కుండా కోసుకుపోడానికి అదేమన్నా కోడికాలా?"

ఆ మాటకు హేమకు ఏడుపు ఆగలేదు. నలుగురి ముందూ, పీచు దుమ్ములో, చంటిపిల్లలా ఏడ్చింది. చిట్టెమ్మ అప్పటిదాకా కాగితం మీది 'చి'నే చూస్తూ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, హేమ ఒళ్ళో వేసింది.

"ఊరుకోండి. మీరు చెప్పేరు కాబట్టి తెలిసింది, లేపోతే నేను రాసేసేదాన్నే. నాకు చూపిస్తారా దాన్ని?"

"చూపిస్తానండీ."

"ఎల్లుండి వస్తాం. ఆయన కూడా వస్తారు." రాట్నం మీద చెయ్యి వేసింది. "తిప్పమంటారా, నిలబడే ఉంటారా?" అంది పేనేవాళ్ళతో.

ఈ సంగతంతా విని సూర్యప్రకాష్ గారు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "పాలు పొయ్యడమేమిటి? నువ్వు ఏడవడమేమిటి? ఒక్క ముక్క అబద్ధం చెప్పడం రాదా నీకు?" అన్నాడు. కాసేపటికి తనే, "సరే, రానీ. చూస్తే వాళ్ళే సంతోషిస్తారు. మైక్రోస్కోపులో చూసి ఒప్పుకోనివాళ్ళెవరు?" అని సర్దుకున్నాడు. హేమకూ లోపల్లోపల అదే ఆశ. ఆ రెండురోజులూ ప్లేట్లలో కణాలకు ఆహారమైన గులాబీ నీళ్ళు మార్చింది. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు తలుపు తీసినప్పుడల్లా బిళ్ళలు ఇంకాస్త బిగిశాయేమోనని చూసింది. బిగుస్తూనే ఉన్నాయి.

వాళ్ళు చెప్పినట్టే వచ్చారు. బుల్లబ్బాయి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చిట్టెమ్మ రెండు చంకకర్రల మీద, మెట్టు మెట్టుకీ ఆగి, రెండంతస్తులూ ఎక్కింది. ల్యాబు గుమ్మం దగ్గర బుల్లబ్బాయి జోడు విడిచాడు. చిట్టెమ్మ తన ఒక్క చెప్పూ విడిచి, దాని పక్కన పెట్టింది. అక్కడ చెప్పులతోనే రావచ్చని చెప్పాలనుకుని హేమ ఊరుకుంది.

మైక్రోస్కోపు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టింది. "రెండు కళ్ళూ ఆనించండి. మసగ్గా ఉంటే ఈ మర ఇటు తిప్పుతాను. ఇప్పుడు?"

"ఏవీ లేదండి... ఆఁ. ఆఁ, ఉన్నాయి." చిట్టెమ్మ ఊపిరి ఆగినట్టయింది. "సన్నసన్నగా. కొమ్ములు చాపినట్టు. ఇవా నేను?"

"ఇవే. అవి చాచిన కొసలతో పీచును పట్టుకుని లాగుతున్నాయండీ. ఇదిగో, ఈ గుంటలో చూడండి, మామూలు కంటికి కనపడుతుంది. ఇంత ఉండేది, ఇంతకి లాగేశాయి."

బుల్లబ్బాయి కూడా వంగి చూశాడు. అతని పెదవులు కదిలాయి, ఏదో దణ్ణం కాబోలు.

హేమకు మాటలు పొంగుకొచ్చాయి. తన పని గురించి ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఆమెకి ఇంతవరకూ దొరకలేదు మరి. "ఒంట్లో చక్కెర ఎక్కువైతే అది పోయి పీచుకు అంటుకుంటుందండీ. పీచు బిగుసుకుపోతుంది. అందులో ఇరుక్కున్న కణం కదల్లేదు, లాగలేదు. అందుకే పుండు మానలేదు. కణాలే పాడయ్యాయని అనుకున్నాం అందరం. కాదు! కొత్తగా మెత్తటి పీచులో పెడితే, చూశారుగా, ఎంత బాగా లాగుతున్నాయో!"

"నానని పీచు వేలికి లొంగదు. అలాగనమాట," అంది చిట్టెమ్మ. కళ్ళు మైక్రోస్కోపు మీంచి తీసి హేమను చూసింది. "అయితే నా కాలు మంచిదేనా?"

"ఆయ్, మంచి..."

"మరి తీసేసేరెందుకండీ?"

ఈ నాలుగురోజులూ తను ఎగిరి గంతేసిన సంగతికి ఇంకో పక్క ఇదుందని హేమకు ఒక్కసారీ తట్టలేదు. సూర్యప్రకాష్ గారు గొంతు సవరించుకున్నాడు. "అదేంటంటేనమ్మా, శాస్త్రంలో..."

"విషం ఎముకదాకా ఎక్కేసిందండీ అప్పటికి," అంది హేమ మెల్లగా. "తియ్యకపోతే మీరుండేవారు కాదు. ఈ సంగతి మాకు ఇప్పుడే తెలిసింది. తెలిసినా, ప్లేటులో చేసినట్టు మనిషి కాల్లో పీచు మార్చడం ఇంకా ఎవరికీ చేతకాదు. ఎప్పటికొస్తుందో చెప్పలేను. మీ రెండో కాలికి అందుతుందని కూడా చెప్పలేను."

చిట్టెమ్మ చాలాసేపు ఆ గుండీ అంత బిళ్ళనే చూసింది. దాన్ని చూసినంతసేపూ ఆవిడ ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు. ఎవరో దగ్గరవాళ్ళని సాగనంపడానికి వచ్చి నిలబడ్డట్టుంది.

"అంతా చెప్పేరు. బానే ఉంది," అంది చివరికి. "చెప్పేరు గాని, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగేవారెవరండీ ఇక్కడ?"

సూర్యప్రకాష్ గారు కోటు జేబుల్లోంచి చేతులు తీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే... దీనివల్ల ఎంతోమందికి..." అన్నాడు. చిట్టెమ్మ ఎదురు చూస్తూనే ఉంది. ఆయన మెడ ఎర్రబడింది. "మీ చర్మం మేము వాడుకోవచ్చాండీ?" అన్నాడు.

"వద్దండి," అంది చిట్టెమ్మ.

స్టూలు మీదే హేమ వైపు తిరిగింది.

"మీమీద కోపంతో కాదండి. దానికి చెయ్యాల్సినవన్నీ చేసి పంపించేసేం. పంపించేసిందాన్ని ఇక్కడ ఆపకూడదు. సగం అక్కడ, సగం ఇక్కడ, అదేం బతుకండీ దానికి? పోనివ్వండి."

హేమ తల ఊపింది. మూడేళ్ళు. అమ్మకి ఏం చెప్పాలో, ఇంకెక్కడ పని వెతుక్కోవాలో అంతా ఒక్కసారే మీదపడ్డట్టయింది. అయినా చేతులు వాటి పని అవి చేశాయి. తొడుగులు వేసుకుంది. ఇంక్యుబేటరులోంచి ప్లేట్లన్నీ తెచ్చి వరసగా పెట్టింది. బ్లీచింగు ద్రావణం ఒక్కొక్క గుంటలోనూ వదిలింది. గులాబీ నీళ్ళు ముందు పసుపయ్యాయి, తర్వాత తెల్లబడ్డాయి. బిళ్ళలు మెత్తబడి, అంచులు కరిగి, చూస్తుండగానే పీలికలయ్యాయి. బుల్లబ్బాయి చేతులు జోడించి నిలబడ్డాడు.

"అయిపోయిందా అండీ?" అంది చిట్టెమ్మ.

"అయిపోయిందమ్మా," అన్నాడు సూర్యప్రకాష్ గారు. హేమ పక్కకి వచ్చి, పెదవి కదలకుండా ఇంగ్లీషులో గొణిగాడు. మూలనున్న ట్యాంకు సంగతి ఎత్తకు, వాళ్ళకేం తెలుస్తుంది, అని.

మూలన పాలక్యాను లాంటి ట్యాంకు ఉంది. గడ్డకట్టించే చలిలో, వేలెడంత గొట్టాల్లో, అవే కణాలు అందులో నిద్రపోతున్నాయి. చిట్టెమ్మ కర్రలందుకుంటోంది. బుల్లబ్బాయి గుమ్మం వైపు కదిలాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే వాళ్ళు వెళ్ళిపోతారు. తను నోరు మూసుకుంటే చాలు, ఈ మూడేళ్ళూ పోవు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. హేమ ట్యాంకు వైపు నడిచింది.

"అవలేదండీ," అంది.

సూర్యప్రకాష్ గారు కళ్ళు మూసుకున్నాడు. హేమ చలి తొడుగులు వేసుకుని, ట్యాంకు మూత ఎత్తింది. తెల్లటి పొగ అంచులు దాటి నేలమీదికి దిగింది. "ఇందులో కూడా ఉన్నాయండీ మీవి. నేను చెప్పకపోతే మీకు తెలిసేది కాదు." గొట్టాలు ఒక్కొక్కటీ తీసి, నీళ్ళలో కరగనిచ్చి, మూతలు విప్పి, బ్లీచింగులో వంచింది. చివరిదాని మూత పట్టు తప్పి బల్లమీద దొర్లింది. "ఇప్పుడు అయిపోయాయండీ. ఇంకెక్కడా లేవు."

పీలికలైన బిళ్ళల్ని వడకట్టి, చిన్న డబ్బాలో వేసి బుల్లబ్బాయికి ఇచ్చింది. "వీటిలో ఇంక ప్రాణం లేదు. పట్టికెళ్ళొచ్చండీ," అంది. అతను జేబురుమాల్లో చుట్టుకుని, "మళ్ళీ పాలు పొయ్యాలి," అని తనలో తను అనుకున్నాడు.

చిట్టెమ్మ వెళ్ళలేదు. కర్రల మీద ఆనుకుని, ఖాళీ ప్లేట్లనీ, హేమ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. మళ్ళీ స్టూలు మీద కూలబడింది.

"మీ పనంతా పోయినట్టేనా?"

"పోయిందండీ."

"ఎందుకు చెప్పేరు మరి? ఆ పొగలో ఉన్నట్టు నాకేం తెలుసు?"

హేమ తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది.

చిట్టెమ్మ ఎడమ చేతి జాకెట్టు మడత పైకి తోసుకుంది. పీచు పని చేసి కందిన ముంజేతికి పైన, ఎండ తగలని చోట చర్మం నున్నగా ఉంది. దాన్ని కుడిచేత్తో ఒకసారి రాసుకుంది.

"ఇది నాదే. దీనికింకా ఎవరూ ఏవీ చెయ్యలేదు. ఎంత ముక్క కావాలి మీకు?"

"చిట్టీ!" అన్నాడు బుల్లబ్బాయి.

"మీరుండండి. నొప్పెడతాదా అమ్మాయిగారూ?"

"అబ్బే, అసలు..." అని సూర్యప్రకాష్ గారు అందుకోబోయాడు.

"పెడుతుందండీ," అంది హేమ. "బియ్యపుగింజంత ముక్క. మత్తిచ్చి తీస్తారు గాని, తర్వాత సలుపుతుంది. అందరికన్నా మీకు మానడం ఆలస్యం. మీ చక్కెర చూసి, డాక్టరుగారు పరవాలేదంటేనే. ఆయన వద్దంటే నేను ముట్టుకోను. ఇచ్చేక మీరు ఎప్పుడు వద్దన్నా పారబోసేస్తాను."

చిట్టెమ్మ భర్త వైపు చూసింది. అతను తల అటు తిప్పుకున్నాడు, కాని వద్దనలేదు. ఆవిడ చెయ్యి అలాగే బల్లమీద చాచి పెట్టి, నడుము నిటారుగా చేసుకుని కూర్చుంది.

"ఇస్తానన్నాను కదాని ఊరుకున్నారేంటండీ," అంది. "అడగండి."

హేమ అడిగింది.